ఆరడుగుల బల్ల మీద అరకు లైను ఎక్కుతుందా?

మంచంకింద_మెయిల్
రెండేళ్లుగా మా బొమ్మ రైలు పట్టాలన్నీ మంచం కింద అట్టపెట్టెలోనే ఉన్నాయి. ఆదివారం సాయంత్రం తీసి హాల్లో గుండ్రంగా పరచడం, రాత్రి భోజనాల వేళకు మళ్లీ సర్దేయడం. నిన్న ఇంట్లో గంటసేపు చర్చ జరిగింది. బాల్కనీ పక్క గదిలో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల శాశ్వతంగా వేసుకోవడానికి చివరికి ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే. సంక్రాంతికి చుట్టాలు వచ్చేసరికి అది చూడముచ్చటగా ఉండాలి.

నా కోరిక అరకు లైను. చిన్నప్పుడు ప్రతి వేసవిలో మేనత్త ఇంటికి అరకు వెళ్లేవాళ్లం. తెల్లవారకముందే లేచి కిరండూల్ ప్యాసింజరు ఎక్కి, అక్క ఒక కిటికీ, నేనొక కిటికీ పట్టుకుని సొరంగాలు లెక్కపెట్టేవాళ్లం. ఒక్కసారీ ఇద్దరి లెక్కా కలవలేదు. ఆ లైనులో 58 సొరంగాలున్నాయి. వాటిలో కనీసం పది నా బల్ల మీద ఉండాలి. చేతిలో ఉన్నవి: హెచ్‌ఓ స్కేలు డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను ఒకటి, నీలం రంగు ఐసీఎఫ్ ప్రయాణికుల పెట్టెలు ఎనిమిది, వంపు పట్టాలు కావలసినన్ని.

ఇంకో బాధ కూడా ఉంది. ఇంజను మూడడుగులు నడిచి ఆగిపోతోంది. వేలితో తోస్తే ఇంకో మూడడుగులు. వానలకు ముందు బాగానే నడిచేది. రెండింటికీ దారి చూపండి.

సీతమ్మధార_సిగ్నల్
ఆరడుగుల బల్ల మీద పది సొరంగాలా? దాన్ని అరకు లైను అనరండి, జల్లెడ అంటారు.

పెందుర్తి_పాయింట్స్‌మన్
లెక్క వేసి చూద్దాం. హెచ్‌ఓ అంటే 1:87, అసలు కొలతలో 87వ వంతు. విశాఖ నుంచి అరకుకు రైలు దారి సుమారు 130 కిలోమీటర్లు. 87తో భాగిస్తే కిలోమీటరున్నర. మీ బల్ల ఎం.వి.పి. కాలనీలో మొదలైతే బీచ్ రోడ్డు దగ్గర ముగుస్తుంది. ఇక ఎత్తు సంగతి. ఆ లైనులోని శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. మన స్కేలులో దాదాపు పదకొండున్నర మీటర్లు. మీ ఇల్లు ఎన్నో అంతస్తు?

మంచంకింద_మెయిల్
రెండో అంతస్తు.

పెందుర్తి_పాయింట్స్‌మన్
అయితే లైను మొదలయ్యే కొత్తవలస వాచ్‌మన్ గదిలో, శిమిలిగుడ డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన. మీ గదికి సరిగ్గా ఘాట్ మధ్య భాగం వస్తుంది.

కంచరపాలెం_కప్లింగ్
పై అంతస్తు వాళ్లు ఒప్పుకుంటారా? వాళ్ల వంటింట్లోంచి బొర్రా గుహల స్టేషను వెళ్తే టిఫిను అమ్మకం కూడా వాళ్లే చూసుకోవచ్చు.

భీమిలి_బ్యాలస్ట్
ముందు ఇంజను జబ్బు సంగతి చూద్దాం, తర్వాత కొండలు ఎక్కుదాం. మీ పట్టాలకు అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే అవి ఇనుము పట్టాలు. మన ఊరి ఉప్పుగాలికి అవి ఒక్క వానాకాలం కూడా నిలవవు. పైన మెరుస్తున్నట్టే కనిపిస్తాయి, రెండు పట్టాలు కలిసే అతుకు దగ్గర లోపల తుప్పు పట్టి ఉంటుంది. ఇంజనుకు కరెంటు వచ్చేదే ఆ పట్టా మీదుగా. అతుకు అతుకుకీ కొంత కొంత పోయి, మూడో అతుకు దాటేసరికి మోటారు తిరగడానికి చాలదు. మీరు చెప్పిన మూడడుగుల లెక్క అదే.

మాది సముద్రానికి రెండు వీధుల ఇవతల. ఇనుము పట్టాలన్నీ తీసేసి నికెల్ సిల్వర్ వేసుకున్నాను. పేరులో వెండి ఉంది కానీ అందులో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిసిన లోహం అది. గాలికి కాస్త నల్లబడినా కరెంటును పెద్దగా అడ్డుకోదు.

మంచంకింద_మెయిల్
అయస్కాంతం పెట్టాను. ఫ్రిజ్ తలుపుకు అతుక్కున్నట్టు అతుక్కుంది.

కంచరపాలెం_కప్లింగ్
గరుకు కాగితంతో ఒకసారి రుద్దెయ్యండి, సంక్రాంతి దాకా గడిచిపోతుంది.

భీమిలి_బ్యాలస్ట్
వద్దు! దయచేసి వద్దు. గరుకు కాగితం పెడితే పట్టా మీద సన్నటి గీతలు పడతాయి. ఆ గీతల్లో మురికి, తేమ చేరి వారం తిరక్కుండా రెట్టింపు నల్లబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు మందుల దుకాణంలో దొరుకుతుంది. మెత్తని నూలుగుడ్డ అందులో తడిపి తుడవండి. ఇంజను చక్రాలకు కూడా అదే మందు. ఒక గుడ్డ తడిపి పట్టా మీద పరచి, ఇంజను ముందు చక్రాలు గుడ్డ మీద, వెనక చక్రాలు పట్టా మీద ఉండేలా పట్టుకుని కరెంటు ఇవ్వండి. చక్రాలు అక్కడే తిరుగుతూ నల్లటి చారలు వదులుతాయి. తర్వాత ఇంజను తిప్పి పెట్టి మిగతావి.

గాజువాక_గూడ్స్
ఆ నల్లటి చారలు చూడటం ఈ వ్యాపకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ఎవరైనా పిలిస్తే వాళ్లింటికి వెళ్లి మరీ వాళ్ల ఇంజన్లు తుడిచి వస్తాను.

సీతమ్మధార_సిగ్నల్
వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. పదకొండు ఇంజన్లున్నాయి. పెసరట్టు, ఉప్మా మా పూచీ.

గాజువాక_గూడ్స్
పదకొండా! శనివారం రాత్రే వచ్చేస్తాను.

పెందుర్తి_పాయింట్స్‌మన్
తుడవడంతో పాటు ఇంకొకటి చేయండి. కరెంటు ఒకే చోటు నుంచి ఇవ్వకుండా, బల్ల కింద రెండు లావుపాటి తీగలు చుట్టూ తిప్పి, ప్రతి మూడడుగులకు ఒక జత సన్న తీగలు పైకి తెచ్చి పట్టాకు టంకం వేయండి. అప్పుడు అతుకుల మీద ఆధారపడే అవసరం ఉండదు. టంకం పట్టా బయటి వైపు వేయాలి, లోపలి వైపు వేస్తే చక్రం అంచు దాన్ని గుద్దుకుంటుంది. పట్టాల కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ స్లీపర్లు కరగకుండా అటూ ఇటూ తడిగుడ్డ వేసుకోండి.

వాల్తేరు_వెనకడుగు
ఇందరు మాట్లాడుతున్నారు, మన స్టేషను గురించి ఒక్కరూ ఎత్తలేదు! విజయవాడ నుంచి హౌరా వెళ్లే బండి విశాఖలోకి వచ్చిందంటే వచ్చిన దారినే తిరిగి బయటికి వెళ్లాలి. ఇంజను విప్పి, రెండో చివర ఇంకో ఇంజను తగిలించాలి. అప్పటిదాకా ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్లు అక్కణ్ణుంచి వెనక్కి చూస్తూ కూర్చుంటారు. చిన్న బల్లకు ఇంతకన్నా మంచి విషయం ఉందా? గుండ్రటి దారి అక్కర్లేదు. రెండు ప్లాట్‌ఫారాలు, ఒక ఇంజను దారి, బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింట్లు నాలుగు. బండి రావడం, ఇంజను మార్చుకోవడం, వెళ్లడం. చేతికి ఎప్పుడూ పని ఉంటుంది. మూడు పెట్టెలున్నా చాలు, ముప్పావుగంట ఆట.

మంచంకింద_మెయిల్
ఆలోచన బాగుందండి, కానీ నాకు కొండ కావాలి. సొరంగంలోకి వెళ్లగానే పెట్టె పెట్టంతా ఒకేసారి కేక వేసేది. ఆ కేక విశాఖ ప్లాట్‌ఫారం మీద దొరకదు.

నౌపడా_నేరోగేజ్
కొండే కావాలంటే, ఊరు మార్చండి అని ఒక మాట. నౌపడా నుంచి గుణుపురం వెళ్లిన పర్లాకిమిడి లైటు రైల్వే చేయండి. గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, రెండున్నర అడుగులు, 762 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 8.76. మనకు బజారులో దొరికే ఎన్ స్కేలు పట్టా 9 మిల్లీమీటర్లు. వెంట్రుకవాసి తేడాతో సరిపోయింది! మీ బ్రాడ్‌గేజి సంగతి చూడండి. 1676ను 87తో భాగిస్తే 19.26 రావాలి. హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే, ఎందుకంటే అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజికి చేసినది. బ్రాడ్‌గేజి వాళ్లందరూ దాదాపు మూడు మిల్లీమీటర్లు ఇరుకు పట్టాల మీద నడుపుతున్నారు. మావి చిన్న బళ్లు, కానీ నిజం కొలత.

గాజువాక_గూడ్స్
మళ్లీ మొదలుపెట్టారు. ఏ చర్చ అయినా పదిహేనో మాటకు నౌపడా చేరుతుంది.

నౌపడా_నేరోగేజ్
చేరాలి మరి. 1900లో మొదలై 2004 దాకా నడిచిన లైను. మా నాన్నగారు దాని మీదే బడికి వెళ్లారు. ఇప్పుడు అక్కడ బ్రాడ్‌గేజి బళ్లు నడుస్తున్నాయి, మంచిదే. పాత బండి మాత్రం నా బల్ల మీద తప్ప ఎక్కడ నడుస్తుంది? నేను మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు?

గాజువాక_గూడ్స్
ఆ మాట నిజమే బాబాయ్. కోపం తెచ్చుకోకండి. మీ బండి వీడియో మా అబ్బాయికి రోజూ చూపిస్తేనే అన్నం తింటాడు.

ఘాట్_డ్రైవరు_విశ్రాంతి
ఈ పిల్లల మాటలు మూడు రోజులుగా చదువుతున్నాను. ఆ ఘాట్‌లో చాలా ఏళ్లు గూడ్సు నడిపాను కాబట్టి ఒక విషయం చెబుతాను. మీరందరూ సొరంగాల లెక్క చెబుతున్నారు. ఆ లైను వేసింది సొరంగాల కోసం కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి. 1960లలో జపాన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఆ ఖనిజం అక్కడికి పంపేందుకే దాన్ని కట్టారు. ప్యాసింజరు అందులో అతిథి. రోజంతా గూడ్సులే. నేను నడిపిన రోజుల్లో ఘాట్‌లో ఒకటే లైను. అందుకే ప్యాసింజరు ఏదో ఒక చిన్న స్టేషనులో పక్కకు చీలి మళ్లీ కలిసే లూపు లైనులో ఆగి, దిగివచ్చే గూడ్సుకు దారి ఇచ్చేది.

బాబూ మంచంకింద_మెయిల్, మీరు చిన్నప్పుడు ఎక్కిన బండి అలా ఆగలేదా? ఆగినప్పుడు ఏం చేసేవారు?

మంచంకింద_మెయిల్
మాస్టారూ, మీరు అడిగాక గుర్తొచ్చింది. ఆగేది. చాలాసేపు ఆగేది. ఇంజను చప్పుడు దూరమై, పురుగుల రొద వినిపించేది. నాన్న కిందికి దిగి, ఆకులో కట్టిన పనసతొనలు కొని కిటికీలోంచి అందించేవారు. మేం ఎదురుగా ఉన్న సొరంగం నోటి వైపే చూస్తూ ఉండేవాళ్లం. ముందు కూత వినిపించేది. తర్వాత ఆ చీకట్లో దీపం. ఆ తర్వాత ఎర్రటి దుమ్ము కొట్టుకుపోయిన వ్యాగన్లు ఒకదాని తర్వాత ఒకటి, ఎప్పటికీ అయిపోనట్టు. అక్క వ్యాగన్లు కూడా లెక్కపెట్టేది.

స్టేషను పేరు మాత్రం గుర్తులేదు. చిమిడిపల్లి అనుకుంటాను. త్యాడా కూడా కావచ్చు.

ఘాట్_డ్రైవరు_విశ్రాంతి
మీరు చేయవలసిన లేఅవుటు ఇప్పుడు మీరే రాశారు.

సీతమ్మధార_సిగ్నల్
ఇది చదివి పనసతొన తినాలనిపించింది. మాస్టారి మాటే నా మాట. పది సొరంగాలు వద్దు. ఒక స్టేషను, ఒక లూపు, ఒక సొరంగం నోరు.

పెందుర్తి_పాయింట్స్‌మన్
అదైతే బల్ల మీద పడుతుంది. కొలతలు రాస్తాను, చూడండి. వంపు పట్టాలు 18 అంగుళాల వ్యాసార్ధం అనుకుందాం, అంటే దాదాపు 46 సెంటీమీటర్లు. రెండు చివరలా వంపులు పోగా, బల్ల అంచు వదలగా, మధ్యలో తిన్నగా 80 సెంటీమీటర్లు మిగులుతుంది. ఐసీఎఫ్ పెట్టె బఫర్లతో కలిపి పాతిక సెంటీమీటర్ల పైచిలుకు. పాయింట్లను వంపుల్లోకి కొంత జరిపినా లూపులో ఇంజను, మూడు పెట్టెలు. అంతే. ఎనిమిదింటిలో అయిదు మళ్లీ మంచం కిందికే.

అసలు ఘాట్‌లో వంపు ఎంతో తెలుసా? 8 డిగ్రీల వంపు అంటే 1750ని ఎనిమిదితో భాగించాలి, దాదాపు 219 మీటర్ల వ్యాసార్ధం. మన స్కేలులో రెండున్నర మీటర్లు. మీ బల్ల వెడల్పే 122 సెంటీమీటర్లు. కాబట్టి 18 అంగుళాల వంపు మీద పొడుగాటి పెట్టెలు వెళ్తుంటే మధ్య భాగం లోపలికీ, చివరలు బయటికీ పొడుచుకొస్తాయి. కంటికి బాగుండదు. ఆ రెండు వంపులనూ కొండ కిందికి తోసేయండి. కనిపించేది తిన్నటి భాగం, కొద్దిపాటి మలుపు మాత్రమే. బండి ఒక కొండలోంచి వచ్చి, ఆగి, ఇంకో కొండలోకి పోతుంది. అటువైపు ఎక్కడికి పోయిందో చూసేవాళ్లకు తెలియదు.

భీమిలి_బ్యాలస్ట్
కొండ లోపల గోడ దగ్గరగా కట్టకండి, పొడుచుకొచ్చే పెట్టె చివరలు తగులుతాయి. ఇంకా ముఖ్యమైనది, కొండను పైకి ఎత్తి తీసేలా చేయండి. బండి పట్టా తప్పితే ఎప్పుడూ సొరంగం మధ్యలోనే తప్పుతుంది. చెయ్యి అందని చోటే దానికి ఇష్టం.

కంచరపాలెం_కప్లింగ్
మా ఇంట్లో సొరంగంలో పిల్లి పడుకుంటుంది. బండి వెళ్లి దాని పొట్టకు తగిలి ఆగుతుంది. మా అమ్మాయి వెంటనే మైకు పట్టుకున్నట్టు చెయ్యి పెట్టుకుని, ఘాట్‌లో కొండచరియ విరిగిపడినందున బండి ఆలస్యంగా నడుస్తోంది, ప్రయాణికులు గమనించగలరు అని ప్రకటిస్తుంది.

వాల్తేరు_వెనకడుగు
ఆ అమ్మాయికి రైల్వేలో ఉద్యోగం ఖాయం.

మంచంకింద_మెయిల్
మరి ఎక్కుడు? ఘాట్ అన్నాక బండి ఎక్కాలి కదా?

పెందుర్తి_పాయింట్స్‌మన్
అక్కడ 60కి 1 ఎక్కుడు. ఆరడుగుల బల్లకు మూడు సెంటీమీటర్లు. అది మీరు ఉన్నదున్నట్టు చేయవచ్చు, స్కేలుతో పని లేదు, ఏటవాలు ఏటవాలే. కానీ ఒక పట్టా మీదుగా ఇంకో పట్టా దాటించాలంటే కనీసం ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు కావాలి. దానికి నాలుగున్నర మీటర్ల దారి కావాలి. ఈ బల్లకు ఆ ఆశ వదిలేయండి. స్టేషను భాగం సమతలంగా ఉంచి, అటూ ఇటూ నేలను లోయలా దించండి. పట్టా కదలకపోయినా నేల కిందికి దిగితే కొండ ఎక్కినట్టే ఉంటుంది.

గాజువాక_గూడ్స్
ఇక నా వంతు. గూడ్సు లేకుండా ఈ లేఅవుటు లేదని మాస్టారే అన్నారు. మూడు మాటలు చెబుతాను, ఒక్కటి కూడా వదలకండి.

ఘాట్‌లో నిండు బండి ఎప్పుడూ దిగుతుంది, ఖాళీ బండి ఎప్పుడూ ఎక్కుతుంది. ఖనిజం పైన, రేవు కింద. కాబట్టి రెండు రేకులు, అంటే రెండు పూర్తి గూడ్సు బళ్లు కావాలి. నిండుది అరకు వైపు సొరంగంలోంచి వచ్చి కొత్తవలస వైపు పోవాలి. ఖాళీది అటునుంచి ఇటు. కొండ వెనక రెండు దాపు లైన్లు పెట్టుకుంటే ఒకటి దాక్కుంటుంది, ఒకటి బయటికి వస్తుంది. దిశ తారుమారైతే ఘాట్ తెలిసినవాళ్లకు ప్రాణం విలవిల్లాడుతుంది.

రెండోది నింపడం. చాలామంది పైకప్పు లేని బాక్స్‌ఎన్ వ్యాగన్‌లో ఖనిజాన్ని అంచు దాకా, గోపురంలా పోస్తారు. తప్పు. బొగ్గు అయితే అంచు దాకా వస్తుంది. ఇనుప ఖనిజం బరువు. వ్యాగన్ మోయగలిగిన బరువు వచ్చేసరికి లోపల సగం కూడా నిండదు. పాదచారుల వంతెన మీద నిలబడి కిందికి చూడండి, లోతుగా అడుగున రెండు మూడు కుప్పలు కనిపిస్తాయి. కుప్పల మధ్య వ్యాగన్ అడుగు కనిపించినా కనిపించవచ్చు. పక్కనుంచి చూస్తే నిండు బండీ ఖాళీ బండీ ఒకేలా ఉంటాయి. తేడా స్ప్రింగుల్లో తెలుస్తుంది, నిండు వ్యాగన్ కుంగి ఉంటుంది.

మూడోది రంగు. వ్యాగన్ అంతా ఒకే ఎరుపు కొట్టకండి. దుమ్ము పడేది పై అంచు మీద, లోపలి గోడల మీద, చివర నిచ్చెన మెట్ల మీద. కింద చక్రాల దగ్గర బ్రేకుల ఇనుప రజను, అది ముదురు గోధుమ. రెండూ వేరు. నేను ఎర్ర సుద్దముక్క అరగదీసి ఆ పొడిని మెత్తటి కుంచెతో అద్దుతాను.

ఒక రేకులో అసలైతే 58 వ్యాగన్లు. మన స్కేలులో ఏడు మీటర్లు. మీకు ఏడు వ్యాగన్లు చాలు, ముందు కొన్ని సొరంగంలోకి వెళ్లేసరికి వెనకవి ఇంకా వస్తూ ఉంటాయి. అయిపోనట్టే ఉంటుంది.

మంచంకింద_మెయిల్
సగమే నింపాలా! ఇన్నేళ్లు చూశాను, కిటికీలోంచి పక్కనుంచి చూడటమే తప్ప లోపల ఎలా ఉంటుందో తెలియలేదు.

వాల్తేరు_వెనకడుగు
పెట్టెల రంగు మాట ఎవరూ అనలేదు. మీ చిన్నతనం ఏ సంవత్సరాలు?

మంచంకింద_మెయిల్
1986 నుంచి 1991.

వాల్తేరు_వెనకడుగు
అయితే నీలం పెట్టెలు చెల్లవు. నీలం వచ్చింది 1990ల్లో. మీరు ఎక్కింది ఇటుక రంగు పెట్టె. పైగా ఆ లైనులో అప్పటికే కరెంటు తీగలున్నాయి, మీ దగ్గరున్నది డీజిల్ ఇంజను.

కంచరపాలెం_కప్లింగ్
తీగల కింద డీజిల్ నడవకూడదని చట్టమా? ఆయన బల్ల, ఆయన ఇంజను. నడవనివ్వండి.

వాల్తేరు_వెనకడుగు
నేను నడపవద్దనలేదు. కానీ ఆయన అడిగింది తన చిన్నప్పటి బండి. ఆ బండి ఇటుక రంగు. రంగు మారితే జ్ఞాపకం మారుతుంది.

మంచంకింద_మెయిల్
ఇద్దరి మాటా వింటాను. మూడు పెట్టెలకు ఇటుక రంగు వేస్తాను. ఇంజను ఇప్పటికి ఇదే, విద్యుత్ ఇంజనుకు డబ్బు కూడబెట్టుకోవాలి. స్తంభాలు నాటి తీగలు తర్వాత లాగుతాను.

సీతమ్మధార_సిగ్నల్
నేల కోసం ఎర్రమట్టి కావాలంటే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి కదా, ఒక డబ్బా తెచ్చుకుంటే జీవితకాలం సరిపోతుంది.

భీమిలి_బ్యాలస్ట్
ఆ మాట ఇక్కడ అనకండి. అది రక్షిత భౌగోళిక వారసత్వ స్థలం. గాలి, నీరు కలిసి వేల ఏళ్లలో పేర్చిన దిబ్బలవి. మా ఇంటి నుంచి వెళ్లినప్పుడల్లా ఎక్కడో ఒక చోట కొత్తగా తవ్విన గుంట కనిపిస్తే కడుపు రగులుతుంది. డబ్బా మట్టే కదా అని వెయ్యిమంది అనుకుంటే?

సీతమ్మధార_సిగ్నల్
తప్పు ఒప్పుకుంటున్నాను. ఆలోచించకుండా రాశాను. ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

భీమిలి_బ్యాలస్ట్
సంతోషం. ఇల్లు కడుతున్న ఏ చోటైనా పునాది మట్టి అడిగితే ఇస్తారు. పెనం మీద వేయించి తేమ పోగొట్టి, టీ వడగట్టే జల్లెడలో జల్లించండి. కాఫీ తాగేవాళ్లయితే ఫిల్టరులో మిగిలిన పిప్పి ఎండబెట్టి వాడండి, అడవి నేలకు అంతకన్నా మంచి రంగు లేదు. అరకు కాఫీ అయితే ఊరికి ఊరు, నేలకు నేల.

కంచరపాలెం_కప్లింగ్
కంకరకు బొంబాయి రవ్వ బాగుంటుందని ఎక్కడో చదివాను. రంగు వేస్తే అచ్చం కంకరలా ఉంటుందట.

గాజువాక_గూడ్స్
ఉంటుంది, నాలుగు రోజులు. మా లేఅవుటుకు మొదట అదే పోశాను. అయిదో రోజు పొద్దున్న చూస్తే చీమలు బారులు తీరి లైనును ఎత్తుకుపోతున్నాయి. రవ్వతో ఆగకుండా జిగురు కూడా తిన్నాయి. పక్క నెలలో వానకు మిగిలిన రవ్వ ఉబ్బి బూజు పట్టింది. మొత్తం గీకి తీయాల్సి వచ్చింది. తినే వస్తువు ఏదీ బల్ల మీదికి రానివ్వకండి.

పెందుర్తి_పాయింట్స్‌మన్
కొత్తవలస దగ్గర రాతి క్వారీల పొడి సన్నగా జల్లిస్తే సరైన కొలత కంకర వస్తుంది. పరచి, కుంచెతో స్లీపర్ల మధ్యకు సర్ది, ముందు నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బునీళ్లు కలిపి పిచికారీ చేయండి. తర్వాత తెల్ల జిగురు సగం, నీళ్లు సగం, చుక్కచుక్కగా. సబ్బు లేకపోతే జిగురు చుక్క రాయి మీద ముత్యంలా నిలబడి లోపలికి దిగదు. పాయింట్ల కదిలే నాలుకల దగ్గర మాత్రం జిగురు చూపించకండి.

నౌపడా_నేరోగేజ్
చెట్లకు ఎండిన తులసి కంకులు. గింజలు రాలిపోయాక మిగిలే పుల్లలకు కొమ్మలు ఎంత సన్నగా ఉంటాయో చూడండి. మా ఇంట్లో కోటలోంచి కోసేముందు అమ్మను అడిగి తీసుకుంటాను.

ఘాట్_డ్రైవరు_విశ్రాంతి
రెండు చిన్న విషయాలు. ఒకటి, వేగం. మీ అందరి వీడియోల్లోనూ బళ్లు ఎగురుతున్నాయి. ఘాట్‌లో గంటకు 30 కిలోమీటర్లు అనుకుంటే, మీ స్కేలులో సెకనుకు పది సెంటీమీటర్ల లోపు. గడియారం పెట్టుకుని చూడండి. ఒక పెట్టె పొడవు కదలడానికి రెండున్నర సెకన్లు పట్టాలి. రెండు, క్యాచ్ సైడింగు. ఏటవాలు దిగే ఘాట్ లైన్లలో, అదుపు తప్పిన బండిని ఎత్తు మీదికి మళ్లించి ఆపడానికి ఒక దారి వేస్తారు. అది ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది, ఖాళీగా ఉండాలనే కోరుకుంటాం. అర అడుగు చోటుంటే పెట్టండి బాబూ. చూసినవాళ్లకు అది ఏమిటో తెలియకపోయినా, నడిపినవాళ్లకు తెలుస్తుంది.

మంచంకింద_మెయిల్
మాస్టారూ, పెడతాను. పాయింట్లు మూడు కొనాల్సింది నాలుగు కొంటాను.

సీతమ్మధార_సిగ్నల్
పసుపు బోర్డు మీద ఏ పేరు రాస్తారు? త్యాడానా, చిమిడిపల్లా?

మంచంకింద_మెయిల్
అక్కకు ఫోను చేశాను. చిమిడిపల్లి అని ఒక్క క్షణం ఆలోచించకుండా చెప్పింది. పనసతొనల జిడ్డు చేతులకు అంటుకుని, బోర్డు కింద ఉన్న మట్టిలో రుద్దుకున్నామట. నాకు అది గుర్తే లేదు.

గాజువాక_గూడ్స్
చిమిడిపల్లే ఖాయం.

మంచంకింద_మెయిల్
కనుమ మర్నాడు రాస్తున్నాను. అందరికీ బాకీ ఉన్న కబురు ఇది.

కొత్త పట్టాలు వేశాక ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు. పెట్టెలు మూడింటికీ ఇటుక రంగు వేశాను, రెండోదాని మీద ఎడమ వైపు కొంచెం కారింది, ఆ వైపు గోడకు తిప్పి నడుపుతున్నాను. గాజువాక అన్న స్వయంగా వచ్చి ఏడు వ్యాగన్లకు దుమ్ము అద్ది వెళ్లారు. చక్రాలు కూడా తుడిచారు. కొండను పాత వార్తాపత్రికలతో కట్టాను, గోధుమపిండి జిగురు కాకుండా తెల్ల జిగురు వాడాను, చీమల భయం ఉంది కాబట్టి. క్యాచ్ సైడింగు ఖాళీగా ఉంది.

భోగి నాటి రాత్రి అక్క వచ్చింది. గదిలో దీపం ఆర్పి, స్టేషను దీపం ఒక్కటే ఉంచాను. ప్యాసింజరు సొరంగంలోకి వెళ్లగానే అక్క గట్టిగా కేక వేసింది. నలభై తొమ్మిదేళ్ల మనిషి. వంటింట్లోంచి అందరూ పరుగెత్తుకొచ్చారు. బండి బయటికొచ్చి చిమిడిపల్లి లూపులో ఆగింది. అక్క బల్ల అంచు మీద గడ్డం ఆనించి కూర్చుని సొరంగం నోటి వైపు చూస్తూ ఉండిపోయింది. నేను గూడ్సు వెంటనే వదలలేదు. కాసేపు ఉంచాను.

నౌపడా_నేరోగేజ్
ఎంతసేపు ఉంచారు?

మంచంకింద_మెయిల్
అక్క "ఇంకా రాలేదేమిటి?" అనేదాకా.

వాల్తేరు_వెనకడుగు
ఫొటో పెట్టండి. ఇటుక రంగు చూడాలి. కారిన వైపు వద్దులెండి.

ఘాట్_డ్రైవరు_విశ్రాంతి
గూడ్సు దిగుతూ వచ్చిందా?

మంచంకింద_మెయిల్
దిగుతూనే వచ్చింది మాస్టారూ. నిండు బండి. సెకనుకు తొమ్మిది సెంటీమీటర్లు.

గాజువాక_గూడ్స్
నిండు అంటే?

మంచంకింద_మెయిల్
సగం కంటే తక్కువ అన్నా. ఒక్కో వ్యాగన్‌లో రెండు కుప్పలు. అక్క లేచి నిలబడి పైనుంచి చూసి, లెక్కపెట్టింది. పద్నాలుగు.